గొర్రెపిల్లకీ కోడిపిల్లకీ రొయ్యకీ ఒకే పొడి పనిచేస్తుందా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నెల్లూరు జిల్లా వింజమూరు దగ్గర పల్లె. నలభై దాకా జోడిపి గొర్రెలు, కొన్ని మేకలు, ఇంటి దగ్గర నాటుకోళ్లు ఉన్నాయి. ఈమధ్య సంతలో ఇంకా పాలు మరవని గొర్రెపిల్లలు తక్కువ ధరకి వస్తే కొన్నాం. మందకి ఏదైనా రోగం అంటుకుంటుందేమోనని వాటిని విడిగా సిమెంటు గచ్చు వేసిన షెడ్డులో ఉంచి సీసాతో పాలు పడుతున్నాను. గచ్చు రోజూ కడుగుతున్నాను. అయినా వాటికి పారుడు, కడుపుబ్బరం తగ్గడం లేదు. మందలో తల్లుల వెంట తిరిగే పిల్లలు మాత్రం బురదలో దొర్లి కూడా గంతులేస్తున్నాయి. కొత్తపట్నం దగ్గర రొయ్యల చెరువు చేసే మా బావ, చెరువులో వేసే ప్రోబయాటిక్ పొడి రెండు ప్యాకెట్లు ఇచ్చి, "ఇది మంచి బ్యాక్టీరియా, గొర్రెలకీ కోళ్లకీ కూడా పెట్టు" అన్నాడు. పెట్టొచ్చా? కొండపి దగ్గర మా అక్కవాళ్లకి సుబాబుల్ తోట ఉంది, ఆకు ఎంతైనా కోసుకెళ్లమంటున్నారు. మా అత్తమ్మ వద్దంటోంది. అక్కవాళ్ల మేకలు మాత్రం ఏళ్ల తరబడి తింటూనే ఉన్నాయి. పదో తరగతి చదివే మా వాడు "గడ్డి అరిగించేది గొర్రె కాదమ్మా, దాని కడుపులోని క్రిములు" అంటున్నాడు. నిజమేనా? టెన్షన్‌గా ఉంది, కాస్త వివరంగా చెప్పండి.
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

ముందు పొడి సంగతి తేల్చేద్దాం. ఆ ప్యాకెట్లు గొర్రెపిల్లలకి పెట్టకండి. వాటికి కావలసిన సూక్ష్మజీవులు ప్యాకెట్లో లేవు, మీ మందలోనే ఉన్నాయి. సుబాబుల్ ఆకు పెట్టొచ్చు గానీ దానికో పద్ధతి ఉంది. మీ అత్తమ్మగారి భయం ఊరికే పుట్టింది కాదు. ఇక మీ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. వాడి మాట దగ్గరే మొదలుపెట్టి మిగతావి చెబుతాను. మీరు అడిగినవి వేరు వేరు సంగతుల్లా కనిపిస్తున్నాయి గానీ వాటన్నిటికీ మూలం ఒకటే.

అంతకంటే ముందు ఒక జాగ్రత్త. పారుడు నీళ్లలా పోతున్నా, రక్తం గానీ జిగురు గానీ కనిపించినా, పిల్ల తల వేలాడేసినా ఆలస్యం చేయకండి. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా 1962కి ఫోన్ చేయండి. ఆ పారుడు కొంచెం చిన్న డబ్బాలో పట్టుకెళితే మైక్రోస్కోపులో చూసి కాక్సిడియా అనే పేగు పరాన్నజీవి ఉందో లేదో చెబుతారు. ఈ వయసు పిల్లల్లో అది తరచుగా వచ్చే జబ్బు, దాని మందు వేరు. ఈలోగా ఓఆర్ఎస్ నీళ్లు కొద్దికొద్దిగా పట్టండి. పాలు కూడా ఉదయం సాయంత్రం కడుపు పగిలేలా కాకుండా, నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా, గోరువెచ్చగా పట్టండి. ఉబ్బరం చాలాసార్లు అక్కడే తగ్గుతుంది.

ఇప్పుడు మీ వాడి మాట. పాలిచ్చి పిల్లల్ని పెంచే జంతువుల్లో ఏదీ గడ్డిలోని పీచుని, అంటే సెల్యులోజ్‌ని, విరగ్గొట్టే ఎంజైమ్‌ని సొంతంగా తయారుచేసుకోలేదు. ఏనుగైనా అంతే, గేదె అయినా అంతే. ఎండు చొప్ప తిని బలిసే గొర్రె ఆ పని మొత్తం సూక్ష్మజీవుల చేత చేయిస్తుంది. గొర్రె పొట్టలో నాలుగు అరలుంటాయి. మొదటిది అన్నిటికంటే పెద్దది, ఎడమ డొక్కంతా అదే. లోపల ఆక్సిజన్ దాదాపు ఉండదు. వేడి 39 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. నెమరేస్తూ గొర్రె మింగే చొంగలో వంటసోడాలో ఉండే బైకార్బొనేటే ఉంటుంది, అది లోపల పులుపు ముదరకుండా కాస్తుంది. ఆ అరలో రకరకాల బ్యాక్టీరియా, బ్యాక్టీరియాలాగే కనిపిస్తూ మీథేన్ వదిలే ఆర్కియా, శిలీంధ్రాలు, మైక్రోస్కోపులో ఈదుతూ కనిపించే ఏకకణ జీవులు కలిసి మేతని పులియబెడతాయి. అలా పుట్టే ఆమ్లాలు పొట్ట గోడలోంచి రక్తంలోకి వెళతాయి. గొర్రెకి కావలసిన శక్తిలో 70 శాతం దాకా వచ్చేది వాటినుంచే. మేత మీద పెరిగిన సూక్ష్మజీవులు కూడా చివరికి నాలుగో అరలోకి జారి అరిగిపోతాయి. గొర్రెకి దొరికే మాంసకృత్తుల్లో పెద్ద భాగం ఈ సూక్ష్మజీవులే.

మీ అబ్బాయిని ఒకటి చేసి చూడమనండి. మేసి వచ్చి నెమరేస్తున్న గొర్రె పక్కన కూర్చుని, ఎడమవైపు చివరి పక్కటెముక వెనక ఉన్న పల్లంలో పిడికిలి ఆనించి కదలకుండా ఉంచాలి. నిమిషానికి ఒకటి రెండుసార్లు లోపలినుంచి ఏదో వచ్చి చేతిని నెట్టి వెనక్కి పోతుంది. పొట్ట మేతని కలియదిప్పుతున్నదన్నమాట. రోజూ ఇలా చూసే అలవాటు మీకు ఉంటే, గొర్రె మేత మానేయకముందే, ఆ కదలిక మందగించడంతోనే జబ్బు పసిగట్టొచ్చు.

ఈ పొట్ట ఒక్కరోజులో వచ్చింది కాదు. నెమరేసే జంతువుల వంశం సుమారు 5 కోట్ల సంవత్సరాల నాటిది. ఆ కాలమంతా ఒంట్లో ఏ మార్పు సూక్ష్మజీవులకి చోటిచ్చి, మేతలోంచి ఇంకాస్త శక్తి పిండుకోనిచ్చిందో ఆ మార్పు నిలిచింది. అర పెద్దదైంది, నెమరు వచ్చింది, చొంగ మారింది. దీనికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం మన ఊళ్లలోనే తిరుగుతుంటుంది. ఉదయగిరి కొండల్లోనో, గిద్దలూరు దాటాక నల్లమల దారిలోనో కొండముచ్చుల్ని చూసే ఉంటారు. కోతులు పండ్లూ గింజలూ దొరికిందల్లా తింటాయి. కొండముచ్చు ముదురు ఆకులు కూడా తిని బతకగలదు. దాని పొట్ట కూడా అరలు అరలుగా ఉంటుంది, ముందు అరలో సూక్ష్మజీవులు ఆకుని పులియబెడతాయి. ఆవుకీ కొండముచ్చుకీ ఉమ్మడి పూర్వీకులు డైనోసార్లు బతికున్న కాలం నాటివి. అంటే ఈ పద్ధతి ఒకరినుంచి ఒకరికి వచ్చింది కాదు, ఎవరి దారిలో వాళ్లు చేరుకున్నారు.

ఇంకా లోతుకి వెళితే మరింత ఆశ్చర్యం. బ్యాక్టీరియా గోడని పగలగొట్టే లైసోజైమ్ అనే ప్రోటీన్ మన కన్నీళ్లలోనూ చొంగలోనూ ఉంటుంది. క్రిముల్ని చంపే ఆయుధమది. ఆవూ కొండముచ్చూ రెండూ దాన్ని పొట్టలోకి దింపి, జారి వచ్చిన బ్యాక్టీరియాని అరిగించుకోవడానికి వాడుకున్నాయి. పొట్టలో ఆమ్లానికి, అక్కడి ఎంజైమ్‌లకి తట్టుకోవాలి కాబట్టి ఆ ప్రోటీన్ కొద్దిగా మారాల్సి వచ్చింది. ఈ రెండు వంశాల్లోనూ కొన్ని చోట్ల అవే మార్పులు విడివిడిగా జరిగాయని 1987లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. సూక్ష్మజీవుల్ని పెంచుకోవడం, సమయానికి వాటినే తినడం, రెండూ జంతువు ఒంట్లో రాసిపెట్టి ఉన్నాయి.

మీ బావగారి పొడికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఇల్లు ఎలాంటిదైతే అద్దెకి దిగేవాళ్లూ అలాంటివాళ్లే వస్తారు. ఒక జంతువు పేగు ఎంత పొడవు, ఎంత పులుపు, ఆక్సిజన్ ఎంత, మేత ఎంతసేపు నిలుస్తుంది, పేగు గోడ ఏ జిగురు కారుస్తుంది, రోగనిరోధక శక్తి ఎవరిని ఓర్చుకుంటుంది, ఎవరిని తరిమేస్తుంది అన్నవన్నీ ఆ జంతువు వంశం నిర్ణయించినవి. ఆ వడపోతలో నిలిచిన సూక్ష్మజీవులే లోపల కాపురం ఉంటాయి.

దీన్ని ప్రయోగం చేసి చూశారు. అమెరికాలో జాన్ రాల్స్, జెఫ్రీ గోర్డన్ బృందం 2006లో, పేగుల్లో ఒక్క క్రిమి కూడా లేకుండా పెంచిన ఎలుకలకి జీబ్రాచేపల పేగు సూక్ష్మజీవుల్ని ఎక్కించింది. అలాగే క్రిములు లేని చేపలకి ఎలుకల పేగు సూక్ష్మజీవుల్ని ఇచ్చింది. కొన్నాళ్లకి చూస్తే వచ్చిన గుంపు వచ్చినట్టు నిలవలేదు. చేపనుంచి వచ్చినవాటిలో ఎలుక పేగుకి సరిపడే రకాలు పెరిగి, మిగతావి తగ్గి, మొత్తం పోలిక ఎలుక పేగులో మామూలుగా ఉండే గుంపు వైపు జరిగింది. చేపల్లోనూ అంతే. పదేళ్ల తర్వాత, 2016లో, ఇంకో బృందం జింక ఎలుకలు, కందిరీగల జాతి పురుగులు, దోమలు, పండ్ల ఈగలు తీసుకుని, ఒక్కో గుంపులోని వేరు వేరు జాతుల్ని ఒకే పరిస్థితుల్లో, ఒకే మేత పెట్టి పెంచింది. అయినా దగ్గరి చుట్టాలైన జాతుల పేగుల్లో దగ్గరి పోలిక, దూరపు జాతుల్లో దూరపు పోలిక కనిపించాయి. ఒక జాతి ఎలుకకి మరో జాతి ఎలుక సూక్ష్మజీవుల్ని ఇస్తే తిన్నది సరిగా అరగలేదు. కందిరీగల్లో అయితే పరాయి జాతి సూక్ష్మజీవులు అందుకున్నవి ఎక్కువగా చచ్చిపోయాయి. ఎలుకకీ దాని పక్క జాతి ఎలుకకే పొత్తు కుదరనప్పుడు, రొయ్యకోసం చేసిన పొడి గొర్రెకి ఎలా కుదురుతుంది చెప్పండి.

మేత ముఖ్యం కాదా అంటే, చాలా ముఖ్యం. 2008లో రూత్ లే బృందం 60 రకాల పాలిచ్చే జంతువుల పేడలు పరీక్షించింది. శాకాహారుల పేగుల్లో రకాలు ఎక్కువ, మాంసాహారుల్లో తక్కువ, అన్నీ తినేవి మధ్యలో ఉన్నాయి. కానీ పాండాని చూడండి. అది వెదురు తప్ప దాదాపు ఏమీ ముట్టదు. అయినా దాని పేగు సూక్ష్మజీవులు ఎలుగుబంట్ల వైపే మొగ్గాయి, ఎందుకంటే అది ఎలుగుబంటి వంశం, దాని పేగు మాంసం తినేవాళ్ల పొట్టి పేగు. తిన్న వెదురులో ఐదో వంతు మించి అరగదు, అందుకే రోజంతా నములుతూనే ఉంటుంది. మేత మారినంత త్వరగా వంశం మారదు. ఈ సూత్రం అన్ని జంతువుల్లో ఒకే బలంతో ఉండదనుకోండి. గబ్బిలాల్లో, పక్షుల్లో వంశం ముద్ర చాలా పలచగా ఉందని 2020లో తేలింది. ఎగిరే ఒళ్లు బరువు మోయలేదు, పేగు పొట్టి, తిన్నది చకచకా బయటికి పోతుంది, లోపల స్థిరపడే తీరిక సూక్ష్మజీవులకి ఉండదు, కారణం అదే కావచ్చని అంచనా.

మన మనుషుల సంగతీ చెప్పాలి. చింపాంజీ, గొరిల్లా, మనిషి పేగుల్లో ఉండే కొన్ని బ్యాక్టీరియా వంశవృక్షాలు గీసి చూస్తే, అవి మన వంశవృక్షం ఎక్కడెక్కడ చీలిందో అక్కడే చీలాయని 2016లో ఆండ్రూ మొల్లర్ బృందం కనుక్కుంది. అంటే సుమారు కోటిన్నర సంవత్సరాలుగా అవి తరం నుంచి తరానికి మనతోనే నడిచొచ్చాయి. ఇంకో సంగతి మీరు తల్లి కాబట్టి చెబుతున్నాను. తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండేవి ఒక రకం పొడవాటి చక్కెరలు, వందకి పైగా రకాలు. బిడ్డ వాటిని అరిగించుకోలేదు. ఒక్క చుక్క పాలు తయారుచేయడానికి తల్లి ఒళ్లు ఎంత ఖర్చుపెడుతుందో తెలిసిన ఎవరికైనా ఇది వింతగా ఉంటుంది. ఆ చక్కెరలు బిడ్డ పేగులో బైఫిడోబ్యాక్టీరియా కోసం. తల్లి బిడ్డకే కాదు, బిడ్డ కడుపులో కాపురం పెట్టబోయే మంచి క్రిములకి కూడా పాలు పడుతుంది. ఈ ఒక్క సంగతి చాలు, ఈ బంధాన్ని జీవపరిణామం ఎంత శ్రద్ధగా అల్లిందో తెలియడానికి.

ఇప్పుడు షెడ్డులోని మీ పిల్లల దగ్గరికి వద్దాం. గొర్రెపిల్ల పుట్టినప్పుడు ఆ పెద్ద అర చాలా చిన్నగా ఉంటుంది. తాగిన పాలు దాన్ని తప్పించుకుని నేరుగా నాలుగో అరలోకి పోతాయి. ముందు అర పెరగాలంటే రెండు కావాలి, నమలడానికి కొంచెం మేత, దాన్ని పులియబెట్టే సూక్ష్మజీవులు. తల్లి ఈనేటప్పుడు, నాకేటప్పుడు, పొదుగు నోట పెట్టుకున్నప్పుడు, తల్లి మేస్తున్న చోటే మూతి పెట్టినప్పుడు అవి ఒక్కొక్కటే ఎక్కుతాయి. పీచుని విరగ్గొట్టే బ్యాక్టీరియా మొదటి వారంలోనే వచ్చేస్తాయి. ఏకకణ జీవులు మాత్రం గాల్లో ఎగిరి రావు. పెద్ద జీవం ఎంగిలి తగలాలి. పుట్టగానే పిల్లని పెద్దవాటికి దూరంగా ఉంచితే, అది పెరిగి పెద్దయ్యాక కూడా దాని పొట్టలో ఆ ఏకకణ జీవులు ఉండవు. పరిశోధనల కోసం అలా కావాలనే పెంచుతారు కూడా. మీ పిల్లలు సంతకి వచ్చేముందు తల్లి దగ్గర ఎన్నాళ్లున్నాయో, ముర్రుపాలు సరిగా తాగాయో లేదో మీకు తెలియదు. ఆ పైన ప్రయాణం, కొత్త పాలు, తోడు పెద్ద జీవం లేకపోవడం. కడుపు కుదురుకోకపోవడానికి ఇవి చాలు. మీరు గచ్చు కడగడం తప్పు కాదు. బురదే మంచిదనుకుని వాటిని బురదలో వదలొద్దు. అందులో నట్టలూ కాక్సిడియా కూడా ఉంటాయి. మందలోని పిల్లల్ని కాపాడుతున్నది బురద కాదు, తల్లి.

సంతలో కొన్నవాటిని మందతో వెంటనే కలపకపోవడం చాలా మంచి పని. గొర్రెలకీ మేకలకీ అంటుకునే పీపీఆర్ లాంటి వైరస్ రోగాలు ఇలాగే మందలోకి వస్తాయి. మూడు నాలుగు వారాలు విడిగానే ఉంచండి. కానీ ఒంటరిగా ఉంచకండి. మందలో దగ్గు, పారుడు, చిక్కిపోవడం లాంటివి ఏవీ లేని, టీకాలు పడ్డ, ఈమధ్యే నట్టల మందు తాగిన ఒక పెద్ద గొర్రెని ఎంచుకోండి. మెతక గొర్రె అయితే మంచిది. దాన్ని షెడ్డులో పిల్లలతో వదిలేయండి. గడువు తీరేదాకా అది కూడా మందలోకి తిరిగి రాకూడదు. లేత పచ్చిగడ్డి, కొంచెం మంచి ఎండుగడ్డి పిల్లల మూతి అందే ఎత్తులో కట్టండి. గొర్రె తిని వదిలిందాన్నే పిల్లలు కొరుకుతాయి, అదే మనకి కావాలి. నీళ్ల తొట్టి కలిపే ఉంచండి. డాక్టరు చెప్పకుండా యాంటీబయాటిక్ తాగించొద్దు. అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న మంచి గుంపుని కూడా అది తుడిచేస్తుంది. పెద్ద జీవం నెమరు పూర్తిగా మానేసినప్పుడు పశువైద్యులు ఆరోగ్యమైన జీవం పొట్టలోని రసం తీసి, వడగట్టి, వెచ్చగా ఉండగానే తాగిస్తారు. చాలా పాత పద్ధతి, బాగా పనిచేస్తుంది. కానీ అది డాక్టరు చేతుల మీదుగానే జరగాలి.

మేత మార్చేటప్పుడు తొందరపడకండి. పొట్టలోని గుంపు కొత్త మేతకి సర్దుకోవడానికి రెండు వారాలు పడుతుంది. పెళ్లి భోజనాల్లో మిగిలిన అన్నమో, కళ్లం దగ్గర ధాన్యమో గొర్రె ఒక్కసారిగా మెక్కితే, పిండిపదార్థాన్ని తినే రకాలు విజృంభించి లాక్టిక్ ఆమ్లం నింపేస్తాయి, పీచు తినేవి చచ్చిపోతాయి, గొర్రె కూలబడుతుంది. చిటుక రోగం కూడా బయటినుంచి ఊడిపడేది కాదు. దాన్ని తెచ్చే క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా చాలా ఆరోగ్యమైన గొర్రెల పేగుల్లోనే కొద్దిగా ఉంటుంది. తొలకరి లేత గడ్డికో, ఎక్కువ దాణాకో పెరిగి విషం వదులుతుంది. బాగా బలిసిన పిల్లే పొద్దునకల్లా చచ్చిపడి ఉండటం మీరు చూసే ఉంటారు. తొలకరికి ముందే టీకా వేయించండి.

కోళ్ల సంగతికి పెద్దగా చెప్పాల్సింది లేదు, ఎందుకంటే మీవి నాటుకోళ్లు. పిల్లల్ని పెట్టతోనే తిరగనివ్వండి. పెట్ట గీరిన చోట, అది రెట్ట వేసిన చోట ఏరుకుతింటూ పిల్లలు తమకి కావలసినవి తెచ్చుకుంటాయి. హేచరీలో పుట్టిన పిల్ల తల్లి మొహమే చూడదు, దాని పేగు ఖాళీగా ఉంటుంది, సాల్మోనెల్లా లాంటిది సులువుగా చొరబడుతుంది. 1973లో ఫిన్లాండ్‌లో నుర్మి, రంటాలా అనే ఇద్దరు, పెద్దకోడి పేగులోని సూక్ష్మజీవుల్ని అప్పుడే పుట్టిన పిల్లలకి తాగించి సాల్మోనెల్లాని అడ్డుకున్నారు. వాళ్లు కోడిపిల్లకి ఇచ్చింది కోడి సూక్ష్మజీవుల్నే, అది గమనించండి.

మీ బావగారి పొడి రొయ్యల చెరువుకి పనికిరానిదని నేను అనడం లేదు. అలాంటి ప్యాకెట్లలో ఎక్కువగా బాసిల్లస్ అనే బ్యాక్టీరియా రకాలు ఉంటాయి. మిగిలిన మేత, మలం అడుగున కుళ్లకుండా, రొయ్యలకి జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా పెరగకుండా వాటిని వాడతారు. రొయ్య పేగు సన్నటి తిన్నని గొట్టం. పైగా రొయ్య కుబుసం విడిచినప్పుడల్లా పేగు ముందు భాగం, వెనక భాగం లోపలి పొర కూడా దాంతోపాటే ఊడిపోతుంది. అక్కడ అంటుకున్న సూక్ష్మజీవులు పోయి మళ్లీ చెరువు నీళ్లలోంచే కొత్తవి రావాలి. అందుకే అక్కడ నీళ్లని బాగుచేస్తే రొయ్య బాగుపడుతుంది. గొర్రె కథ పూర్తిగా తిరగబడి ఉంటుంది. బాసిల్లస్‌ని పశువుల దాణాలో కలిపేవాళ్లూ ఉన్నారు, దాని కోసం చేసిన సరుకు వేరే ఉంటుంది. అవి కూడా పెట్టినన్నాళ్లే ఉంటాయి, పొట్టలో కాపురం పెట్టవు. చెరువు కోసం చేసిన ప్యాకెట్లో ఇంకేమేమి కలిపారో కూడా చూడాలి. దాన్ని పాలు తాగే పిల్ల గొంతులో పోయడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

చివరిది సుబాబుల్. మీ అత్తమ్మగారు, మీ అక్క, ఇద్దరూ సరిగ్గానే చూశారు. ఆ చెట్టు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నుంచి వచ్చింది. ఆకులో మాంసకృత్తులు పుష్కలం, కానీ మైమోసిన్ అనే విషపదార్థం కూడా ఉంది, లేత చిగుళ్లలో మరీ ఎక్కువ. అది వెంట్రుకలు రాలగొడుతుంది. గుర్రం తింటే జూలూ తోకా ఊడిపోతాయి. నెమరేసే జంతువుల పొట్టలో మైమోసిన్ మారి ఇంకో పదార్థం అవుతుంది, అది థైరాయిడ్‌ని దెబ్బతీస్తుంది. ఆస్ట్రేలియాలో ఈ ఆకు మేసిన పశువులు బక్కచిక్కిపోయేవి. హవాయి దీవుల్లో మేకలు అదే ఆకు తిని నిక్షేపంలా ఉండేవి. రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త దీన్ని పట్టుకున్నాడు. తేడా మేకలో లేదు, మేక పొట్టలోని సూక్ష్మజీవుల్లో ఉందని అనుమానించి, 1980 దశకంలో హవాయి మేక పొట్టలోని సూక్ష్మజీవుల్ని ఆస్ట్రేలియా పశువులకి అందించాడు. అవి విషం విరగ్గొట్టడం మొదలుపెట్టాయి, ఒకదాన్నుంచి ఒకదానికి పాకాయి కూడా. ఆ బ్యాక్టీరియాకి 1992లో సినర్జిస్టిస్ జోన్సియై అని ఆయన పేరే పెట్టారు. మేకదాన్ని ఆవుకి ఇస్తే ఎలా పనిచేసిందంటారా? రెండూ నెమరేసే వంశమే. అర ఒకటే తీరు. 2015లో 35 దేశాల్లో 32 రకాల జంతువుల నుంచి 742 నమూనాలు తీసి చూస్తే, నెమరేసే జంతువుల పొట్టల్లో ముఖ్యమైన బ్యాక్టీరియా గుంపులు దాదాపు ప్రతిచోటా అవే కనిపించాయి.

కాబట్టి ఇలా చేయండి. మీ అక్కవాళ్ల మేకల్లో ఏళ్లుగా సుబాబుల్ తింటున్న ఆరోగ్యమైనవి ఒకటి రెండు తెచ్చుకుని, పైన చెప్పినట్టే ముందు కొన్ని వారాలు విడిగా ఉంచి చూసి, ఆ తర్వాత మీ జీవాలతో ఒకే తొట్టిలో తిననివ్వండి. విషం విరగ్గొట్టే బ్యాక్టీరియా వాటి దగ్గర ఉంటే మీవాటికీ అందే అవకాశం ఉంటుంది. ఉందని నమ్మి మాత్రం ఎక్కువ పెట్టకండి. చారెడు ఆకుతో మొదలుపెట్టి నెల రోజుల్లో మెల్లగా పెంచండి. రోజు మేతలో మూడో వంతు దాటొద్దు. చూలు గొర్రెలకి, పాలు తాగే పిల్లలకి అసలు వద్దు. కోళ్లకీ వేయకండి. మన జోడిపి గొర్రెలకి ఉన్ని ఉండదు కాబట్టి వెంట్రుకలు రాలడం మీకు తొందరగా కనపడదు. మేకల తోకలు, వెన్ను మీది వెంట్రుకలు చూస్తుండండి. గొర్రెల్లో అయితే చొంగ ఎక్కువ కారడం, మేత మీద మనసు తగ్గడం, గొంతు కింద వాపు చూసుకోవాలి. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆకు ఆపేసి జొన్న చొప్పకో పచ్చిగడ్డికో మళ్లించండి, వాపు ఉంటే డాక్టరుకి చూపించండి.